సాలమ్మ భయానికి నష్టపరిహారం అడిగిన దావా

భయపడేవాళ్ల పక్కన నడిచే దేవునికి స్తోత్రం. నోరు లేనివాళ్ల మొర వినేవాడికి, తీర్పరులకే తీర్పు చెప్పేవాడికి మహిమ. ముప్పై ఏళ్లకు పైగా నన్ను వికారాబాదు, తాండూరు కోర్టు వరండాల్లో నిలబెట్టి, ఈ వయసులో కూడా కంట్లో చూపూ చేతిలో కలమూ ఉంచినందుకు ఆయనకు నా వందనాలు. ఇక్కడ నేను రాసే మాటల్లో నిజం కానిది ఉంటే ఆయనే కొట్టివేయుగాక.

మా సంఘంలోని పిల్లలు ముగ్గురు ఈ ఏడు నల్లకోటు వేసుకున్నారు. వకీలు పని ఎలా ఉంటుందో రాసి ఇమ్మన్నారు. నేను గెలిచిన దావాల గురించి రాయను. అవి తెలియకపోయినా మీకు నష్టం లేదు. ఒక్క దావా గురించి రాస్తాను. అందులో కొంత గెలిచాం కూడా. అయినా ఆ వాయిదా రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి. ఎందుకో చెబుతాను.

కరీం సాహెబు దగ్గర

పోలీసు చర్య జరిగి నాలుగైదేళ్లయిన తర్వాత నేను హైదరాబాదులో చదువు ముగించుకుని వికారాబాదు వచ్చాను. కరీం సాహెబు అనే పెద్ద వకీలు నన్ను జూనియరుగా పెట్టుకున్నారు. పాత కాగితాలన్నీ ఉర్దూలో, కొత్త చట్టాలన్నీ ఇంగ్లీషులో ఉన్న రోజులవి. ఆయనకు రెండూ వచ్చు. తెలుగు మాత్రం బజారులో నేర్చుకున్నదే మాట్లాడేవారు.

ఆయన రాసుకుంటున్నప్పుడు ఎవరైనా తలుపు తడితే కలం ఆగిపోయేది. బయటి మనిషి పేరు చెప్పేదాకా ఊపిరి కూడా తీసుకునేవారు కారు. పేరు వినబడ్డాక మళ్లీ అక్కడి నుంచే రాసేవారు. పోలీసు చర్య తర్వాత ఆయన కొన్ని నెలలు ఇల్లు కదలలేదని గుమాస్తా చెప్పాడు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నేను ఆదివారాలు సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి. అందుకని నన్ను పాదిరి సాబ్ అని ఆటపట్టించేవారు. వాయిదా రోజు పొద్దున నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటే, "నీ దేవునికి అర్జీ పెట్టినవు, మంచిదే పాదిరి సాబ్. మునసబుకు గూడ పెట్టినవా?" అని అడిగేవారు. నేను పెట్టడం మరిచిన రోజులు రెండు మూడు ఉన్నాయి కాబట్టి ఆ ఎగతాళికి కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు.

కాలు అతికింది

సాలమ్మ, ఆమె భర్త యాకోబు మా తాండూరు సంఘం వాళ్లే. ఇద్దరూ బండల గనిలో కూలీలు. తాండూరు బండ మీద మనిషి ఎత్తుకు పైగా మన్ను ఉంటుంది. దాన్ని మెట్లు మెట్లుగా చెక్కి తీయాలి. ఆ ఏడు వానలు తగ్గగానే పని తొందరలో గోడలాగా నిలువునా కోయించారు. కింద తట్టలెత్తుతున్న సాలమ్మ మీద, నర్సమ్మ అనే ఇంకొక ఆవిడ మీద ఆ మన్ను కూలింది.

సాలమ్మ ముఖం మాత్రం బయట ఉంది. చేతులు, ఒళ్లు మన్ను కింద. తవ్వి తీయడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. నర్సమ్మ కనబడలేదు కానీ కొంతసేపు వినబడింది. మన్ను కింద నుంచి సాలమ్మ పేరు పిలిచింది. తర్వాత పిలవలేదు.

నర్సమ్మ ఇంటివాళ్లకు చట్టం ప్రకారం రావలసింది వచ్చింది. సాలమ్మకు కాలు విరిగింది. పట్టీ వేశారు, అతికింది. నాలుగు నెలల తర్వాత భార్యాభర్తలు మా ఆఫీసుకు వచ్చారు. సాలమ్మ లోపలికి రాలేదు. వేపచెట్టు కింద కూర్చుంది. యాకోబు ఒక్కడే లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"కాలు మంచిగనే ఉంది సారు. మనిషే మంచిగ లేదు" అన్నాడు.

వాళ్లు ఉండే గది గని సేటుది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనికి దిగితేనే ఆ వరుసలో గది ఇస్తారు. కాలు అతికింది కాబట్టి సాలమ్మ దిగాలి, లేకపోతే గది ఖాళీ చేయాలి అని సేటు మేస్త్రీతో కబురు పంపాడు. సాలమ్మ ఆ గోతి దరిదాపుల్లోకి కూడా పోలేకపోతోంది. ఒక జత ఎడ్లు కొనుక్కునేంత నష్టపరిహారం వస్తే బంట్వారంలో యాకోబు అన్న దగ్గరికి పోయి, చేను కౌలుకు తీసుకుని కందులు వేసుకుంటారు. రాకపోతే ఆమె మళ్లీ ఆ మన్ను కిందికి దిగాలి. ఇంతే వాళ్ల ముందు ఉన్నది.

కరీం సాహెబు చట్టం పుస్తకం తెరిచి నాకు చూపించారు. "దీంట్ల వేలుకు లెక్కుంది, కంటికి లెక్కుంది, కాలుకు లెక్కుంది. భయానికి లేదు" అన్నారు. కూలీల పరిహారం చూసే అధికారి దగ్గరికి పోతే విరిగిన కాలు కోసం కొంత తప్పకుండా వస్తుంది. కానీ ఒకసారి అక్కడికి పోతే సివిలు కోర్టు తలుపు మూసుకుంటుంది. సివిలు కోర్టులో అయితే సేటు అజాగ్రత్త వల్ల కలిగిన నొప్పికీ, మనోవేదనకూ కలిపి అడగవచ్చు. ఇస్తారో లేదో తెలియదు. ఏడాది దాటితే అదీ లేదు.

ఏది కావాలో వాళ్లనే తేల్చుకోమన్నాం. నేను చెట్టు కిందికి పోయి విడమరిచి చెబితే సాలమ్మ నా ముఖం చూసింది.

"భయానికి పైసలిస్తరా సారు?" అంది. అని నవ్వింది. ఆమె నవ్వడం చూసింది ఆ ఒక్కసారే.

"ఇస్తే మా సేటు దివాలా తీస్తడు. గనిల అందరికి భయమే" అన్నాడు యాకోబు.

వాళ్లు నిర్ణయం మాకే వదిలేశారు. కరీం సాహెబు చట్టం పుస్తకం మూసేశారు. "బొక్క ఇరిగితే అతుకుతది. ఇది అతుకుతదో లేదో నాకెరుక. దావా వేద్దాం" అన్నారు. ఖాయంగా వచ్చేదాన్ని వదులుకుని, వస్తుందో రాదో తెలియని దాని కోసం నిలబడ్డాం.

అడగకుండా చూడటం

దావా రాయకముందు కరీం సాహెబు నన్ను తాండూరు పంపారు. "ఆమెను ఏం అడగకు. పొద్దుగూకెదాక కూసొని సూడు" అన్నారు. చిన్న వకీళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. భయపడ్డ మనిషిని నీకు భయమా అని అడిగితే అవునంటారు, లేదంటే కాదంటారు. రెండూ కోర్టులో పనికిరావు. వాళ్లు ఇదివరకు చేసిన పనుల్లో ఇప్పుడు ఏది చేయడం లేదో చూడాలి.

పొద్దుటి రైలుకు పోయి వాళ్ల గది ఎదురుగా కూర్చున్నాను. ఆ గదులకు బండలే గోడలు, బండలే కప్పు. సాలమ్మ లోపలికి అడుగు పెట్టలేదు. పొయ్యి బయటే, పడక బయటే. మధ్యాహ్నం వాన వచ్చింది. పక్క గదులవాళ్లంతా లోపలికి పోయారు. ఆమె గొంగడి కప్పుకుని వానలోనే కూర్చుంది. లోపలికి రమ్మని యాకోబు ఒక్కసారి కూడా పిలవలేదు. పిలిచి పిలిచి మానేసినట్టున్నాడు.

సాయంత్రం గూడ్సు బండి పోయింది. పట్టాలు దగ్గరే కాబట్టి నేల అదిరింది. సాలమ్మ రెండు చేతులతో ముక్కూ నోరూ మూసుకుని ఊపిరి బిగబట్టింది. బండి పోయేదాకా అట్లాగే ఉంది. మన్ను లోపలికి పోకుండా ఆపుతున్నట్టు. ఆమె పక్కనే ఆరేళ్ల బిడ్డ ఆడుకుంటోంది. ఆ పిల్ల కూడా ఆట ఆపి ముక్కూ నోరూ మూసుకుంది. పిల్ల ఎన్నడూ గనిలోకి దిగలేదు.

దావాలో భయం అనే మాట ఒక్కసారే రాశాం. మిగిలిందంతా నేను చూసింది చూసినట్టు రాశాం. తీర్పు వచ్చేదాకా గది జోలికి రానని సేటు ఒప్పుకున్నాడు.

నేను చెప్పించిన మాట

విచారణకు రెండు నెలల ముందు మా సంఘాల వార్షిక కూడిక వచ్చింది. వికారాబాదు దగ్గర మైదానంలో చెట్ల కింద గుడారాలు వేసుకుని నాలుగు రోజులు ఉంటారు. సాలమ్మ కుటుంబం కూడా వచ్చింది. మూడో రోజు ఆమె నా దగ్గరికి వచ్చి, "ఈడ నిద్ర పడుతుంది సారు" అని చెప్పింది.

వకీలు బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగాలి. అది ఎటు చూసినా ఆకాశం కనబడే చోటు. గుడ్డ కప్పే తప్ప బండ కప్పు లేదు. రైలు దూరం. నిద్ర పట్టకేం చేస్తుంది? నేను అలా ఆలోచించలేదు. మా ప్రార్థనలు ఫలించాయని నా గుండె ఉప్పొంగింది. రేపు నిలబడి సంఘం ముందు చెప్పు అన్నాను.

"ఏం జెప్పాలె సారు?"

మా కూడికల్లో సాక్ష్యం చెప్పడానికి ఒక వరుస ఉంది. కష్టం వచ్చింది, ప్రార్థించాను, ప్రభువు తీసివేశాడు. ఆ మూడో మాట లేకుండా ఎవరూ కూర్చోరు. ఆ వరుస ఆమెకు నేర్పాను. ప్రభువు నా భయం తీసివేశాడని ముగించమన్నాను.

"తీసేసిండా?" అని అడిగింది.

"నమ్మితే తీసేసినట్టే" అన్నాను. నేను నమ్మే అన్నాను. ఆ మాటే నా తప్పు.

మర్నాడు ఆమె లేచి నిలబడి, నేను చెప్పిన వరుసలోనే చెప్పింది. జనం చేతులెత్తి స్తుతించారు. ముందు వరుసలో దావీదు కళ్లు తుడుచుకున్నాడు. తాండూరు సంఘపెద్ద అతనే, సేటు గనిలో మేస్త్రీ కూడా అతనే. అది కూడా నాకు తట్టలేదు. కరీం సాహెబుకు ఈ సంగతి చెప్పాలని కూడా తోచలేదు.

వాయిదా

వికారాబాదు మునసబు కోర్టుది పెంకుల కప్పు. సాలమ్మ గడప దగ్గర ఆగి మూడు నాలుగు సార్లు పైకి చూసి లోపలికి వచ్చింది. మేము అడిగినవాటికి నెమ్మదిగా జవాబులు చెప్పింది. నర్సమ్మ పిలిచిన సంగతి చెప్పినప్పుడు మునసబు రాయడం ఆపి ఆమె వైపు చూశారు. గెలుస్తాం అనుకున్నాను.

సేటు తరఫు వకీలు లేచాడు. మంచి మనిషి, గొంతు పెంచేవాడు కాదు. "అమ్మా, రెండు నెలల కింద మీ కూడికల నిలబడి మాట్లాడినవు గద. ఏం మాట్లాడినవు?" అన్నాడు.

సాలమ్మ నా వైపు చూసింది. కిటికీలోంచి వరండాలో తల వంచుకుని కూర్చున్న దావీదు కనబడ్డాడు. సేటు అతన్ని సాక్షిగా పిలిపించాడు.

"నా భయం దేవుడు తీసేసిండు అన్నవా, లేదా?" అని వకీలు మళ్లీ అడిగాడు.

అవునంటే దావా పోతుంది. లేదంటే కోర్టులో అబద్ధం. సంఘంలో అబద్ధం చెప్పానంటే ఇక ఏ ముఖంతో సంఘానికి వస్తుంది? ఆమె నోరు తెరవలేదు. మునసబు గడియారం చూసి, భోజనం తర్వాత జవాబు చెప్పమని లేచారు.

వరండా చివర కరీం సాహెబు నన్ను నిలదీశారు. అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు.

"కోటు ఇప్పు. వకాలత్ నామాల నీ పేరు నేను తీయిస్త. బోనెక్కి, ఆ మాట నేనే జెప్పించిన అని జెప్పు" అన్నారు.

మరుసటి నెల నాకు బోధకుడిగా సంఘం అనుమతి పత్రం ఇవ్వాలి. దేవుని పేరున ఒక ఆడమనిషితో లేనిది చెప్పించాడని ఊరంతా అంటుంది. పెద్దలు ఏమంటారు, మా నాన్న ఏమంటాడు, రేపు నా దగ్గరికి ఏ కక్షిదారు వస్తాడు? ఇవన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

"ఆమెనే చెప్పనిద్దాం సాబ్" అన్నాను.

"సరే పాదిరి సాబ్" అన్నారు. ఈసారి అందులో ఎగతాళి లేదు.

మధ్యాహ్నం సాలమ్మ జవాబు చెప్పింది. "అన్న అయ్యా. ఆ దినం నిజమే అనుకున్న. మల్ల ఇంటికి పోతుంటె రైలు కదిలింది, పాణం పోయినట్టయింది. దేవుడు తీసేసిండు, నేనే మల్ల తెచ్చుకున్ననేమో."

ఆ మాట ఎవరు చెప్పమన్నారో ఆమె చెప్పలేదు. నన్ను కాపాడాలని కాదు. అది అడగవలసిన సంగతని ఎవరికీ తోచలేదు, చెప్పవలసిన సంగతని ఆమెకూ తోచలేదు.

తర్వాత దావీదు వచ్చి, విన్నది విన్నట్టు చెప్పాడు. కరీం సాహెబు అతన్ని రెండే ప్రశ్నలు అడిగారు. ఆమె ఇప్పుడు గది లోపల పడుకుంటుందా? లేదు సాబ్. గనిలో దిగుతుందా? లేదు సాబ్. దావీదు ఏడుస్తూ దిగిపోయాడు.

వాది తరఫున ఇంకా సాక్షులున్నారా అని మునసబు అడిగారు. కరీం సాహెబు తల తిప్పి నా వైపు చూశారు. నేను బల్ల మీది కాగితాలు సర్దుతున్నాను. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

"లేరు" అన్నారు ఆయన.

తీర్పు

సేటు అజాగ్రత్త నిజమేనని మునసబు ఒప్పుకున్నారు. కాలు నొప్పికి, పని పోయిన రోజులకు ఇప్పించారు. భయం సంగతి వేరుగా రాశారు. వాది ఎవరి ఒత్తిడీ లేకుండా పదిమంది ముందు తన భయం తొలగిందని చెప్పుకుంది కాబట్టి ఆ కోరిక కొట్టివేయడమైనది.

ఎవరి ఒత్తిడీ లేకుండా. ఆ మూడు మాటలు అబద్ధమని బోనెక్కి చెప్పగలిగినవాణ్ణి ఆ గదిలో నేను ఒక్కణ్ణే.

వచ్చినదానితో ఎడ్లు రావు. సాలమ్మ వేపచెట్టు కింద నన్ను అడిగింది. "గట్లయితే నేను దిగాల్నా సారు?" యాకోబు నేల చూస్తూ నిలబడ్డాడు. అప్పీలు చేద్దామా అని నేను కరీం సాహెబును అడిగాను. "అడగాల్సిన సాక్ష్యం మిసిల్ల, ఈ కేసు కాగితాలల్ల, లేదు. పై కోర్టు దేన్ని సూసి మారుస్తది?" అన్నారు.

సోమవారం నుంచి ఆమె గనిలోకి దిగింది. నేను చూడటానికి పోలేదు. ధైర్యం లేదు. గోతి అంచున బిడ్డను కూర్చోబెట్టి, తట్ట తట్టకూ తల ఎత్తి ఆ పిల్లను చూసుకునేదని తర్వాత యాకోబు చెప్పాడు. పని దిగిన దగ్గరి నుంచి పొద్దుగూకేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదట. ఆ రోజుల్లో నేను వాక్యం చెప్పడానికి నిలబడితే, ఆమె అక్కడ మన్ను కింద ఉన్నప్పుడు నేను ఇక్కడ ఏం చెబుతున్నాను అనిపించేది. బోధకుడి అనుమతి పత్రం చేతికి వచ్చింది. పెట్టెలో పెట్టాను, బయటికి తీయలేదు.

మూడు నెలలకు ఇక తట్టుకోలేకపోయాను. ఒక ఆదివారం తాండూరు పోయాను. అక్కడి ప్రార్థన మందిరానికి బండ కప్పు కాబట్టి సాలమ్మ గడప బయట కూర్చుని వినేది. ఆరాధన మధ్యలో లేచి నిలబడి, ఆ సాక్ష్యం ఆమెది కాదు, నాది, నేను నేర్పి చెప్పించాను, కోర్టులో నిజం చెప్పడానికి భయపడి నోరు మూసుకున్నాను అని చెప్పాను. దావీదు తల దించుకున్నాడు. అనుమతి పత్రం తిరిగి ఇచ్చేశాను. మళ్లీ ఎనిమిదేళ్ల దాకా నన్ను ఎవరూ వాక్యం చెప్పమనలేదు. అది న్యాయమే.

ఆరాధన అయ్యాక గడప బయటికి వచ్చి సాలమ్మ ముందు నిలబడ్డాను. క్షమించమని అడగాలని వచ్చాను. ఆమె బిడ్డ ముక్కు చీరకొంగుతో తుడుస్తోంది. కోపం లేదు ముఖంలో.

"గీ మాట ఆ దినం కోర్టు కచేరిల జెప్పేదుండె సారు" అంది.

అంతే అంది. బిడ్డ చెయ్యి పట్టుకుని లేచి పోయింది. ఆ ఎండాకాలంలో ఎడ్లు లేకుండానే వాళ్లు బంట్వారం వెళ్లిపోయారు, చేలల్లో కూలికి. తర్వాత వాళ్లను నేను చూడలేదు.

మీకు

కరీం సాహెబు ఆ తర్వాత నన్ను పాదిరి సాబ్ అనలేదు, పేరు పెట్టే పిలిచారు. పని మాత్రం చివరిదాకా నేర్పారు. ఆయన నేర్పినది, నేను ఆలస్యంగా తెలుసుకున్నది కలిపి చెబుతాను.

దెబ్బ తిన్న మనిషి భయపడితే అది విశ్వాసం లేకపోవడం కాదు. సిలువకు ముందు తోటలో మన ప్రభువే భయంతో చెమర్చాడు. అక్కడ ఎవరూ ఆయనతో ధైర్యంగా ఉన్నానని చెప్పించలేదు. నీ విశ్వాసం నిలబెట్టుకోవడానికి కక్షిదారు నోట్లో మాట పెట్టకు. నీ దావా గెలవడానికి కూడా పెట్టకు. భయం పోయిందో లేదో ఆ మనిషే, తన రోజున, తన మాటలతో చెప్పాలి. పోలేదంటే, పోలేదన్నదే రాసుకో. ఎప్పుడైనా ఒక నిజం నీ ఒక్కడికే తెలిస్తే, ఆ రోజు కోటు బరువు చూసుకోకు. నేను చూసుకున్నాను.

ఇప్పుడు ఇది చదువుతున్నవాళ్లంతా నాతో కలిసి తల వంచండి. సాలమ్మ ఉంటే ఆమె కోసం, పోయి ఉంటే ఆమె బిడ్డ కోసం, పేరు పెట్టి ప్రార్థించండి. నేల అదిరినప్పుడు వాళ్లకు తోడుగా ఉండమని అడగండి. వాళ్లు ఇంకా భయపడుతుంటే, ఆ భయాన్ని చూసి సిగ్గుపడకుండా వాళ్ల పక్కన కూర్చునే మనుషులను పంపమని అడగండి. నర్సమ్మ పిలుపు విన్న దేవుణ్ణి, నా మౌనం కూడా విన్న దేవుణ్ణి, నన్ను కరుణించమని నా కోసం కూడా ఒక్క మాట అడగండి. ఆమేన్.